నిలబడ్డ చోటు నుంచి కదలడం: ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లతో నా పని

ఎలక్ట్రిక్ బండ్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "ఏ మోటారు మంచిదప్పా? ట్రాఫిక్కులో ఏది బాగా పికప్పు ఎత్తుకుంటాది?" అని. ఆ ప్రశ్నకు నేను ఒకప్పుడు వెంటనే జవాబు చెప్పేవాణ్ణి. అలా చెప్పిన జవాబుల వల్ల ఒకామె చెయ్యి విరిగింది, ఒకాయన పాలు విరిగాయి. కాబట్టి ఇప్పుడు జవాబు చెప్పేముందు ఆ రెండు సంగతులూ చెబుతాను. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, ఎవరు సన్మానం చేశారో మీకు పనికిరాదు. అవి వదిలేస్తున్నాను.

చింతామణి అంగడి

నాది మండికల్లు వైపు వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఐటీఐ ముగించి చింతామణిలో మోటార్లు చుట్టే అంగట్లో చేరాను. బోరుబావుల మోటార్లు కాలిపోతే, మాడిన రాగి తీగ విప్పి కొత్తది చుట్టి ఇవ్వడం మా పని. యజమాని బాషా సాబు. మాటలు తక్కువ. తప్పు చేస్తే తిట్టడు, తప్పు జరిగిన చోటికి తీసుకుపోయి నిలబెడతాడు.

ఒక ఎండాకాలం ఒకే రైతు ఒకే మోటారును మూడుసార్లు తెచ్చాడు. మొదటి రెండుసార్లూ చుట్టింది నేనే. బల్ల మీద పెట్టి కరెంటు ఇస్తే తేనెటీగలా పాడేది. ఆయన పొలానికి పోగానే వారంలో కాలిపోయేది. మూడోసారి నాకు కోపమొచ్చింది. "నీళ్ళు లేకుండా ఆడించి ఉంటావు" అన్నాను. ఆయన తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

సాబు ఆ మాట విన్నాడు. మోటారు మళ్ళీ చుట్టించి, నన్ను తన మోపెడ్డు వెనక కూర్చోబెట్టుకుని ఆ పొలానికే తీసుకుపోయాడు. కరెంటు స్తంభం చాలా దూరంలో ఉంది. అక్కడి నుంచి బోరు దాకా సన్నటి తీగ, నడుమ నాలుగు చోట్ల ముడులు. "ఇప్పుడు స్విచ్చి వెయ్యి" అన్నాడు. వేశాను. పంపు గదిలో వెలుగుతున్న బల్బు ఒక్కసారిగా ఎర్రబడి గుడ్డిదైపోయింది. మోటారు మూలిగి, మూలిగి, చాలాసేపటికి నీళ్ళెత్తింది.

"చూస్తివా? తిరిగేటప్పుడు దానికేం కష్టం లేదు. కదిలేటప్పుడే పానం మీదికొస్తాండాది. నువ్వేమో అంగట్లో బల్ల మీద చూసి ఆయప్పను అనరాని మాట అంటివి" అన్నాడు సాబు.

సన్నటి తీగలో కరెంటు బలం సగం పోతోంది. లావు తీగ వేయించాక ఆ మోటారు మళ్ళీ రాలేదు. నేను ఆ రైతుకు దణ్ణం పెట్టి వచ్చాను. ఆ పాఠం నాకు ఒంటబట్టిందనే అనుకున్నాను. అంగడి బట్టలతో పాటు దాన్నీ అక్కడే విప్పేసి వచ్చానని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

మూడు రకాల బండ్లు

రెండు వేల ఆరు, ఏడు ఆ ప్రాంతంలో చిక్కబళ్ళాపురానికి ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి. అప్పటికి సాబు అంగడి మూతపడి, నేను ఊళ్ళో చిన్నాచితకా మోటార్లు చూసుకుంటూ ఉన్నాను. బట్టల వ్యాపారం చేసే శ్రీనివాస శెట్టిగారు ఆ బండ్లకు డీలరుషిప్పు తీసుకుని నన్ను పిలిపించారు. మేమంతా ఆయన్ను సావుకారు అనేవాళ్ళం. "రమణప్పా, నువ్వు మోటార్లు చుట్టినోడివి. ఇది కూడా మోటారే కదా. వచ్చేయ్" అన్నారు. వెళ్ళాను. సర్వీసు మొత్తం నా చేతిలో పెట్టారు.

అప్పట్లో మా దగ్గర మూడు రకాలుండేవి. కొత్తవాళ్ళ కోసం వాటిని విడివిడిగా చెబుతాను, ఎందుకంటే కథ అంతా వీటి మీదే నడుస్తుంది.

మొదటి దాంట్లో మోటారు బండి నడుమ ఉంటుంది. అక్కడి నుంచి వెనక చక్రానికి సైకిలు మాదిరి చైను. మోటారు లోపల కార్బను బ్రష్షులు రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. చప్పుడు చేస్తుంది, బ్రష్షులు అరుగుతాయి, కొన్నవాడికి అది పాతకాలపు సరుకులా కనిపిస్తుంది.

రెండో దాంట్లో మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది, దీన్ని హబ్ మోటారు అంటారు. బ్రష్షులు లేవు, చైను లేదు, గేర్లు లేవు. మోటారు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పిల్లిలా పోతుంది. అరిగేది ఏమీ లేదు కాబట్టి మాలాంటి వాళ్ళకు పని తక్కువ. అందరికీ నచ్చింది ఇదే. మేము ఎక్కువగా అమ్మిందీ ఇదే.

మూడోది కూడా చక్రంలోనే ఉంటుంది గానీ, లోపల చిన్న మోటారు గబగబా తిరుగుతూ, గేర్లనే పళ్ళ చక్రాల ద్వారా పెద్ద చక్రాన్ని నిదానంగా, బలంగా తిప్పుతుంది. ఆ పళ్ళ చక్రాలు నైలానువి. కొంచెం గుర్రుమంటుంది.

బురదలో దిగబడిన ఎద్దులబండిని మీరు తోసి ఉంటే తేడా మీకే తెలుస్తుంది. చక్రాన్ని ఇరుసు దగ్గర పట్టుకుని తిప్పబోతే పదిమంది బలం చాలదు. అంచున చక్రపు ఆకును పట్టుకుని ఎత్తితే ఇద్దరు చాలు. గేర్లు లేని హబ్ మోటారు ఇరుసు దగ్గర పట్టుకున్న మనిషి. బండి ఒకసారి పరుగందుకుంటే దానంత సుఖమైనది లేదు. నిలబడ్డ చోటు నుంచి లేపడమే దాని కష్టం. ఆ కష్టాన్ని అది బ్యాటరీ మీద వేస్తుంది.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా, కొనడానికి వచ్చినవాళ్ళను షోరూము ముందున్న చదును రోడ్డు మీద, నిండా చార్జీ చేసిన బండి మీద, ఒక్కరినే కూర్చోబెట్టి తిప్పేవాళ్ళం. వాళ్ళు అడిగేదీ ఒక్కటే, "ఎంత స్పీడు పోతాది?" ఎంత బరువుతో, ఎక్కడి నుంచి, ఏ ఎత్తు మీదికి కదలాలని వాళ్ళు అడగలేదు. వాళ్ళు అడగకపోతే నేను అడగాలి. అది నా పని. నేనూ అడగలేదు.

బాగేపల్లి నర్సమ్మ

పద్మావతమ్మ బాగేపల్లి వైపు ఆరోగ్య కేంద్రంలో నర్సు. పల్లెపల్లెకూ పోయి పసిపిల్లలకు టీకాలు వేసే ఉద్యోగం. భుజాన నీలం రంగు టీకాల పెట్టె, లోపల మంచు గడ్డలు. మంచు కరిగేలోపు పోయిరావాలి. బస్సులను నమ్ముకుంటే కుదరక మా దగ్గరికి వచ్చింది. పెట్రోలు బండికి లైసెన్సు కావాలి, ఈ చిన్న బండికి అక్కర్లేదు. నేనే ముందు నిలబడి గేర్లు లేని హబ్ బండి చూపించాను. "చప్పుడుండదు, రిపేరుండదు, దిగులే లేదమ్మా" అన్నాను.

రెండు నెలలకు ఆమె ఫోను చేసింది. "అప్పా, బండి నడిదావలో నిలిచిపోతాండాది. ఒగ నిముసం పోయినాక మళ్ళీ దానంతట అదే కదుల్తాండాది."

తెప్పించుకుని చూశాను. సెంటరు స్టాండు వేసి యాక్సిలరేటరు తిప్పాను. వెనక చక్రం గాలికి గిర్రున తిరిగింది. వైర్లు లాగి చూశాను, కనెక్షన్లు బిగించాను, రాత్రంతా చార్జీకి పెట్టి పొద్దున షోరూము ముందు రెండు రౌండ్లు కొట్టాను. ఒక్కసారీ ఆగలేదు. "ఏమీ లేదమ్మా" అని ఇచ్చి పంపాను.

మూడు వారాలకు మళ్ళీ వచ్చింది, ఈసారి బండిని బస్సు మీదికెక్కించి తానే. "హైవే దాటేటప్పుడేనప్పా. పల్లెలన్నీ తిరుక్కోని వచ్చి, ఈ పక్కనుంచి ఆ పక్కకు పోవల్ల. సగానికి పోయేసరికి చచ్చిపోతాది. లారీలు వచ్చేది చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి."

నేను మళ్ళీ స్టాండు మీదే తిప్పాను. చక్రం మళ్ళీ గిర్రుమంది. అప్పుడు నేను అన్న మాట ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. రాయకపోతే ఇదంతా రాయడం దండగ. "నువ్వు భయపడి ఒకేసారి తిప్పేస్తుండావేమోమ్మా. పట్టుకునేది కొంచెం నేర్చుకోవల్ల" అన్నాను.

"నేను అబద్దం చెప్తాండానా?" అంది ఆమె.

"అబద్దమని కాదమ్మా. బండిలో ఏమీ లేదు."

ఆమె నా వంక చూసి, హెల్మెట్టు, బండి తీసుకుని వెళ్ళిపోయింది.

అది జరిగిన పది రోజులకు షోరూముకు ఫోను వచ్చింది. ఆమె హైవే దాటుతుండగా బండి నడుమ ఆగిపోయింది. లారీ వస్తోంది. డ్రైవరు బ్రేకు తొక్కాడు గానీ బరువు మీదున్న లారీ వెంటనే ఆగదు. ఆమె బండి వదిలేసి దూకింది. దూకడంలో కుడి మణికట్టు విరిగింది. లారీ బండి వెనక చక్రాన్ని తొక్కి, టీకాల పెట్టెను నలిపేసి ఆగింది. ఇంకో అడుగు ఇటు ఉంటే నలిగేది పెట్టె ఒక్కటే కాదు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి బాగేపల్లి ఆసుపత్రికి పోయాను. చేతికి కట్టు కట్టించుకుని మంచం మీద కూర్చుని ఉంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. ఆమే మాట్లాడింది.

"ఈ పొద్దు నిదానంగానే తిప్పితినప్పా. నువ్వు చెప్పినట్లే."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. నేను బయటికి వచ్చి బస్టాండుకు పోకుండా నేరుగా హైవే దగ్గరికి నడిచాను.

సున్నం గీతలు

అప్పుడు హైవేను వెడల్పు చేస్తున్నారు. మట్టి పోసి రోడ్డును ఎత్తు చేయడంతో, పక్క దారి నుంచి హైవే మీదికి ఎక్కడానికి చిన్న ఏటవాలు ఏర్పడింది. బండి ఆ ఏటవాలు మీద ఆగాలి, రెండు వైపులా చూసుకోవాలి, సందు దొరకగానే అక్కడి నుంచి కదిలి ఎత్తెక్కి రోడ్డంతా దాటాలి. అక్కడ నిలబడి వచ్చేపోయే బండ్లను చాలాసేపు చూశాను. ఆమె నాకు రెండుసార్లు చెప్పిన విషయం ఇంతే. నా చేతిలోని చక్రం గాలికి తిరిగింది. ఆమె చక్రం ఒక మనిషిని, ఒక పెట్టెను, సగం అయిపోయిన బ్యాటరీతో, ఎత్తు మీదికి లాగవలసి వచ్చింది. పొలంలో గుడ్డిదైపోయిన ఆ బల్బు నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మరుసటి రోజు సావుకారు దగ్గరికి పోయాను. మూడు రకాల బండ్లూ ఒక్కొక్కటి ఇవ్వమన్నాను, పరీక్ష చేయాలన్నాను.

"కంపెనీవాళ్ళు పరీక్ష చేయకుండానే పంపిస్తారా? నువ్వు చేసి ఏమి కనిపెడతావు?" అన్నారు.

"అది తెలిసేదాకా నేను ఈ బండి ఇంకొకరికి చూపించను సావుకారూ."

"ఉద్యోగం మానేస్తానంటుండావా?"

"లేదు. ఉద్యోగం చేస్తానంటాండా."

ఆయన సొరుగు లాగి, తాళాలు బల్ల మీద పెట్టారు. "ఆదివారం. షోరూము మూసినాక. ఒక్క గీత పడినా నీదే బాధ్యత."

ఆ ఆదివారం ఊరి బయట, హైవే పక్కనున్న ఖాళీ జాగాలో, అదే మాదిరి ఏటవాలు ఉన్న చోటు వెతికాను. హైవే వెడల్పును అంతకుముందే అడుగులతో కొలిచి పెట్టుకున్నాను. అంత దూరంలో నేల మీద రెండు సున్నం గీతలు గీశాను. వెనక సీటు మీద టీకాల పెట్టెంత బరువుకు ఇసుక మూట కట్టాను. ఒక్కో బండినీ మొదటి గీత దగ్గర ఆపి, అక్కడి నుంచి రెండో గీత దాటేదాకా గడియారం చూసుకున్నాను. మొదట నిండు చార్జీతో, తర్వాత ఊరి చుట్టూ తిప్పి బ్యాటరీని సగానికి తెచ్చి, మళ్ళీ అక్కడే.

నిండు చార్జీతో మూడూ దాటాయి. గేర్లున్న హబ్ మోటారు అన్నిటికంటే ముందు ఎత్తుకుంది. చైను బండి దాని వెనకే, కట్టు విప్పిన దూడలా దూకింది. గేర్లు లేనిది మొదటి రెండు బారల దూరం పాకి, తర్వాత అందుకుంది.

సగం చార్జీతో అసలు రూపం బయటపడింది. గేర్లు లేని బండి ఏటవాలు మీద మూలిగింది. బ్యాటరీ ముల్లు ఎర్ర గీత కిందికి పడిపోయింది. నడుమకు రాగానే ప్రాణం పోయినట్టు ఆగింది. యాక్సిలరేటరు వదిలి కాసేపు ఆగితే ముల్లు మళ్ళీ మెల్లగా పైకి లేచింది, బండి ఏమీ జరగనట్టు కదిలింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. నాలుగోసారి కూడా అదే.

జరుగుతున్నది ఇది. కదలడానికి ఆ మోటారు బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు పీకుతుంది. సగం అయిపోయిన సీసం బ్యాటరీ ఆ తాకిడికి వోల్టేజీ నిలబెట్టుకోలేదు. బండిలోని కంట్రోలరు అది చూసి, బ్యాటరీ పూర్తిగా అయిపోయిందనుకుని, దాన్ని కాపాడటానికి మోటారుకు కరెంటు ఆపేస్తుంది. బ్యాటరీని కాపాడింది, సరే. హైవే నడుమ మనిషి ఉందని దానికేం తెలుసు? గేర్లున్న మోటారు అదే బలాన్ని తక్కువ కరెంటుతో తెస్తుంది కాబట్టి ముల్లు అంతగా పడలేదు. చైను బండి ముల్లు కొంచెం పడింది గానీ ఆగలేదు. పదిసార్లు వరసగా చేసేసరికి మాత్రం దాని బ్రష్షుల దగ్గర కాలిన వాసన వచ్చింది. అది కూడా రాసి పెట్టుకున్నాను.

ఇంకొకటి కూడా ఆ రోజే తెలిసింది. ఈ బండ్లలో బ్రేకు పట్టుకుంటే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. పెట్రోలు బండికి అలవాటుపడినవాళ్ళు ఏటవాలు మీద బ్రేకు పట్టుకునే యాక్సిలరేటరు తిప్పుతారు. ఏమీ జరగదు. బ్రేకు వదలగానే బండి వెనక్కి జారుతుంది, ఆ భయంలో పూర్తిగా తిప్పేస్తారు. అప్పుడే బ్యాటరీ మీద పెద్ద దెబ్బ పడుతుంది. కాళ్ళు నేలకు ఆనించి, బ్రేకు వదిలి, సగం తిప్పి, బండి కదిలాక మిగతాది తిప్పాలి. ఇది ఎవరికీ చెప్పకుండానే మేము బండ్లు అమ్ముతూ వచ్చాం.

ఇంజినీరు, సావుకారు, ఒక బండి

కంపెనీ ఇంజినీరును పిలిపించమని పట్టుబట్టాను. బెంగళూరు నుంచి వచ్చాడు. చిత్తూరు వైపు మనిషి, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. పరీక్షల సంగతి రాసిన నా కాగితం చదివి, "స్పెసిఫికేషను ప్రకారం ఇది కరెక్టే సార్. ఇట్లా కరెంటు ఆపే కటాఫ్ లేకపోతే మీ బ్యాటరీలు ఏడాదికే పోతాయి" అన్నాడు.

"కరెక్టే సార్. ఒకసారి మీరే ఎక్కి చూడండి" అన్నాను.

సున్నం గీతల దగ్గరికి తీసుకుపోయాను. బ్యాటరీ సగానికి తెచ్చిన బండి ఇచ్చాను. ఇసుక మూట మరిచిపోయి వచ్చాం. "నేను కుచ్చుంటా లెండి" అని సావుకారు పంచె ఎగ్గట్టి వెనక ఎక్కారు. ఆయన బరువు గురించి నేను మాట్లాడను.

బండి ఏటవాలు మీద మూలుగుతూ నాలుగు బారలు పోయి, రెండు గీతల నడుమ ఆగిపోయింది. ఇంజినీరు యాక్సిలరేటరు తిప్పుతూనే ఉన్నాడు. సావుకారు నవ్వబోయారు. సరిగ్గా అప్పుడే పక్కనున్న హైవే మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన ఉలిక్కిపడి ఇంజినీరు భుజాలు పట్టుకున్నారు. దిగేటప్పుడు మొహంలో నవ్వు లేదు.

"ఆ యమ్మ ఉన్నింది ఇట్లాంటి చోటనేనా?" అని అడిగారు.

"ఇట్లాంటి చోటనే సావుకారూ. లారీ ఇంకా దగ్గరలో."

ఇంజినీరు కాగితం మళ్ళీ అడిగి తీసుకుని, ఈసారి నిలబడి చదివాడు. తర్వాత కొన్నాళ్ళకు ఆ కంపెనీ కంట్రోలరులో మార్పు చేసింది. ఒక్కసారిగా ఆపకుండా, ముందు బలం తగ్గించి, బండి పాకుతూనైనా దాటేలా చేశారు. నా కాగితం వల్లనే అని చెప్పలేను, చాలా ఊళ్ళ నుంచి ఫిర్యాదులు పోయి ఉంటాయి.

సావుకారు మాత్రం ఆ సాయంత్రమే ఒక నిర్ణయం చేశారు. బండి కొనేవాళ్ళు రోజూ వెనక ఎవరిని కూర్చోబెట్టుకుంటారో వాళ్ళతోనే వచ్చి, సగం చార్జీ బండి మీద, ఊళ్ళో ఏటవాలు ఎక్కి చూశాకే అమ్మాలి. అమ్మకాలు పడిపోయాయి. "రమణప్పా, నువ్వు కొనేవాళ్ళను తరిమేస్తాండావు" అని నెలకోసారి అనేవారు. ఆ పద్ధతి మాత్రం ఒక్కనాడూ ఎత్తేయలేదు. ఆయన దగ్గర నాకు నచ్చనివి చాలా ఉండేవి. ఆ ఒక్క పట్టుదల కోసం అవన్నీ మరిచిపోతాను.

మంచేనహళ్ళి చౌడప్ప

ఇక్కడితో ఆపితే నేను గొప్పవాణ్ణయిపోతాను. ఇంకో తప్పు ఉంది.

గేర్లున్న హబ్ మోటారు బాగా ఎత్తుకుంటుందని తెలిశాక, నేను దాన్ని అందరికీ అంటగట్టడం మొదలుపెట్టాను. మంచేనహళ్ళి నుంచి చౌడప్ప అనే పాలాయన వచ్చాడు. ఊరూరా పాలు పోసుకుని డెయిరీకి చేర్చే మనిషి. "ఎత్తు దావప్పా మాది. మాటిమాటికీ నిలబడల్ల, మళ్ళీ కదలల్ల" అన్నాడు. అంతే, నేను ఇంకేమీ అడగలేదు. గేర్ల బండి ఇప్పించాను. రెండు పెద్ద క్యాన్లు చెరోపక్క కట్టి ఆయన పోయేవాడు. ఏటవాలు మీద కూడా ఇట్టే లేచేది. నాకు ఒకటే సంతోషం.

నాలుగో నెలలో, మిట్ట మధ్యాహ్నం, ఎత్తు మీద బండి గరగరమని ఆగిపోయింది. మోటారు తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు. చుట్టుపక్కల నీడ లేదు, వచ్చే బండి లేదు. ఆయన డెయిరీకి చేరేసరికి పాలు విరిగిపోయాయి. పదిహేను ఇళ్ళ పాలు.

చక్రం విప్పి చూస్తే, లోపలి నైలాను పళ్ళు అరిగి నున్నగా గులకరాళ్ళలా ఉన్నాయి. ఆ బరువు వాటికి కాదు. మొదటి రోజే క్యాన్లు కట్టించి, వారం పోయాక విప్పి చూసి ఉంటే తెలిసేది.

"నువ్వు అడిగింటే చెప్పింటాను గదప్పా, ఎంత బరువని" అన్నాడు చౌడప్ప.

నిజమే. నర్సమ్మ చెప్పింది నేను వినలేదు. ఈయన్ని నేను అడగనే లేదు. రెండూ ఒకటే.

ఈసారి సావుకారుతో మాట్లాడి ఆయనకు చైను బండి ఇప్పించాను. బ్రష్షులు ఎలా మార్చుకోవాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. మొరటు బండి. చప్పుడుకు ఊరి కుక్కలు వెంటపడేవి. నేను పని మానేసే దాకా అది ఆ క్యాన్లు మోస్తూనే ఉంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. తేలిక మనిషి, తేలిక సామాను, మాటిమాటికీ ఆగి కదిలే దారి అయితే గేర్లున్న హబ్. బరువు, ఎత్తు, రెండూ ఉంటే, బ్రష్షులు మార్చుకునే ఓపిక కూడా ఉంటే చైను. చదును ఊరు, ఒక్క మనిషి, దూరాలు తక్కువ అయితే గేర్లు లేనిది, దాన్ని మించిన సుఖం లేదు. మోటార్లు, బ్యాటరీలు ఇప్పుడు మారిపోయాయి, ఈ జవాబు కూడా మారి ఉంటుంది. అడిగే పద్ధతి మారదు. ఎవరు, ఎంత బరువు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడి నుంచి కదలాలి. ఆ చోటికి మీరే పోయి, మీరే కదిలి చూడండి.

వెనక సీటు

పద్మావతమ్మ చెయ్యి అతుక్కోవడానికి మూడు నెలలు పట్టింది. సావుకారు ఆమె నలిగిన బండిని వెనక్కి తీసుకుని గేర్లున్న కొత్త బండి ఇస్తానన్నారు. ఆమె వద్దంది. మీ బండ్లు నాకు వద్దు, బస్సులే మేలు అని కబురు చేసింది. నేను రెండుసార్లు బాగేపల్లి పోయాను. మొదటిసారి మాట్లాడలేదు. రెండోసారి మాట్లాడింది.

"బండి బాగుండాదని నువ్వు చెప్తాండావు. అప్పుడూ చెప్పినావు."

"అప్పుడు చూడకుండా చెప్పినానమ్మా. ఇప్పుడు చూసి చెప్తాండా."

"అట్లయితే బండి తీసుకోని రా. సగం చార్జీతో. నేను నడుపుతాను, నువ్వు ఎనక కుచ్చో."

"యాడికమ్మా?"

"యాడికేముంది? హైవే దాటల్ల."

సరేనన్నాను. మరుసటి వారం గేర్ల బండిని బాగేపల్లి చుట్టూ తిప్పి, బ్యాటరీ సగానికి తెచ్చి, ఆమె ముందు నిలబెట్టాను. బ్రేకు సంగతి, సగం తిప్పే సంగతి నాలుగు మాటల్లో చెప్పాను. ఆమె కొత్త టీకాల పెట్టె నా ఒళ్ళో పెట్టి, నన్ను వెనక కూర్చోమంది. లోపలి మంచు చల్లదనం నా తొడలకు తగిలింది.

ఏటవాలు మీద ఆగాం. కుడి పక్క నుంచి ఒక బస్సు, దాని వెనక లారీ, దాని వెనక ఇంకో లారీ. ఆమె తొందరపడలేదు. మోటార్లతో ముప్పై ఏళ్ళు బతికిన నేను, ఆ గేర్లు విప్పి మళ్ళీ బిగించిన నేను, ఏది ఎంత కరెంటు లాగుతుందో తెలిసిన నేను, పెట్టెను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. దూరంగా ఉన్న లారీ చూస్తుండగానే పెద్దదవుతోంది. అది ఎంత త్వరగా పెద్దదవుతుందో అంతవరకు నాకు తెలియదు.

"పోదామా?" అంది.

ఆమె బ్రేకు వదిలింది.

బండి గుర్రుమంటూ ఎత్తెక్కింది. నడుమ గీత దాటాం. ముల్లు వంక చూడబోయి చూడలేకపోయాను. అవతలి అంచుకు చేరాక గానీ మా వెనక లారీ గాలి విసురు తగల్లేదు.

ఆమె బండి ఆపి, కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి నా మొహం చూసింది.

"ఇప్పుడు తెలిసిందా అప్పా?"

"తెలిసిందమ్మా."

"అట్లయితే దిగు. టీకాలకు టైమవుతాండాది."

దిగాను. ఆమె పెట్టె అందుకుని వెనక సీటుకు కట్టుకుని, గుడిబండ దారి పట్టి వెళ్ళిపోయింది. నేను హైవేకు అటువైపు ఒంటరిగా మిగిలాను. బస్టాండు మేము వచ్చిన వైపే. వరసగా వచ్చే లారీలు పోయేదాకా ఆగి, అటూ ఇటూ చాలాసేపు చూసుకుని, నడిచి దాటాను.